ఈ పిల్లకి మీరేమవుతారు?

బొంగరానికి కడుపునొప్పి అనగానే పెద్దమ్మ గుండె జారి అరికాళ్ళలోకి వచ్చింది. అసలు ఆవిడ గుండె ఉండాల్సిన చోట ఉన్నదెప్పుడు గనక! విమానం కదిలితే జారింది, ఆగితే జారింది. ఈ పరాయి దేశంలో లిఫ్టు తలుపు కాస్త ఆలస్యంగా తెరుచుకుంటే చాలు, తామిద్దరూ అందులో ఊపిరాడక పోవడం, ఆ కబురు విని ఊళ్ళో చెల్లెలు గుండెలు బాదుకోవడం కూడా ఆవిడ మనసులో జరిగిపోయేవి.

బొంగరం ఆ చెల్లెలి కూతురే. టేబుల్ టెన్నిస్ బంతిని బ్యాటుతో గిర్రున తిప్పి వదులుతుంది కాబట్టి ఆ పేరు పడింది. పదమూడేళ్ళ పిల్ల. ఏడాదిపాటు మా దగ్గర ఉంచుకుని ఆట నేర్పుతాం, తోడుగా పెద్దవాళ్ళొకరు రావాలి అని ఇక్కడి శిక్షణ కేంద్రం వాళ్ళు కబురు పెట్టినప్పుడు తల్లికి సెలవు దొరకలేదు. ఆవిడ బస్సు కండక్టరు.

"నువ్వెళ్ళవే అక్కా. నీ కొడుకు పెద్దాడయ్యాడు, బావకి వంటొచ్చు. అదీ నా మాటకంటే నీ మాటే వింటుంది" అంది.

పదో తరగతి గట్టెక్కడమే గగనమైన మనిషి పెద్దమ్మ. ఏడ్చినంత ఏడ్చి సూట్‌కేసు సర్దుకుంది. అందులో సగం మందులే.

అన్ని మందులు తెచ్చుకున్నా, ఆ మధ్యాహ్నం ఆట హాల్లో పిల్ల బ్యాటు కింద పడేసి మెలికలు తిరిగిపోతుంటే ఒక్కటీ పనికిరాలేదు. కోచ్ తన కారులో ఇద్దర్నీ ఆసుపత్రికి చేర్చాడు. డాక్టరు పొట్ట నొక్కి చూసి అపెండిక్స్ అన్నాడు. ఆ ముక్క పెద్దమ్మకి తెలుసు, ఏ భాషలో అన్నా తెలుసు. సాయంత్రంలోగా ఆపరేషన్ చెయ్యాలన్నారు. పిల్ల ఆవిడ చీర కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకుని వదల్లేదు.

"పెద్దమ్మా, నువ్వు తలుపుదాకా వస్తావుగా?"

"తలుపేంటే, లోపలికే వస్తా. ఎవడాపుతాడో చూస్తా."

ఆపింది ఎవడో కాదు, కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక అధికారిణి. పిల్లల రోగాల విభాగంలో ఎవరి వెంట ఎవరొచ్చారో చూసుకోవడం ఆవిడ పని. ఈ పిల్లకి మీరేమవుతారు అని అడిగింది. ఇన్ని నెలల్లో పెద్దమ్మ నేర్చుకున్న మాటలు బహు తక్కువ. పాలు, బియ్యం, బస్సు, తల్లి, కూతురు. కాబట్టి తన గుండెల మీద చెయ్యేసుకుని "తల్లి" అంది. పిల్లవైపు చూపించి "కూతురు" అంది. మనసులో ఏ కల్మషమూ లేదు. చెల్లెలి కూతురు కూతురు కాక ఇంకేమవుతుంది?

పిల్లని లోపలికి తీసుకెళ్ళాక కళ్ళద్దాలావిడ తనూ వెళ్ళి పిల్లనడిగింది. నొప్పితో మూలుగుతూ పిల్ల, మా అమ్మ ఊళ్ళో బస్సులో ఉంది అని చెప్పింది. బయటికొచ్చి కోచ్‌నడిగింది. ఆయన ఇంకోటేదో చెప్పి, పిల్లలు ఎదురుచూస్తున్నారని వెళ్ళిపోయాడు. ఆవిడ ముఖం ముడుచుకుంది. పెద్దమ్మని నడవాలో బల్ల మీద కూర్చోబెట్టి, మధ్యనున్న అద్దం తలుపు మూసేసింది. తెలుగు తెలిసిన దుబాసీని ఫోన్లో పిలుస్తున్నామని సైగలతో చెప్పింది.

అయిపోయింది. నన్ను పిల్లల్నెత్తుకుపోయేదాన్ననుకుంటున్నారు. పిల్లని ఏ అనాథ పిల్లల హాస్టల్లోనో పెడతారు, నన్ను జైల్లో పెడతారు. ఇవన్నీ తర్వాత సంగతి. ఇప్పుడు బొంగరం ఒక్కతే, చెయ్యి పట్టుకునే దిక్కులేకుండా ఆ గదిలోకి వెళ్తుంది.

ఇలాంటిదేదో జరుగుతుందని ఆవిడ వచ్చిన రోజునుంచీ ఎదురుచూస్తూనే ఉంది. తీరా జరిగాక, చిత్రంగా, ఆ బల్ల మీద ఆవిడకి జ్ఞాపకం వచ్చినవన్నీ మంచి సంగతులే. వాళ్ళ గది కింద బట్టలుతికే దుకాణం ఉంది. చలి కొరికేసే పొద్దుల్లో దాని యజమానురాలు ఇస్త్రీ బల్ల పక్కన ఒక కుర్చీ వేసి, వచ్చి కూర్చోమని చేత్తో పిలిచేది. బస్సు డ్రైవరు వీళ్ళిద్దరూ పరుగెత్తుకొస్తుంటే అద్దంలో చూసి ఆగేవాడు. రోజూ సాయంత్రం బొంగరం గిన్నెలు తుడుస్తూ ఒక కొత్త మాట నేర్పేది. పెద్దమ్మ తప్పు పలికితే గిన్నె మీద చెంచాతో టంగుమనిపించి మళ్ళీ అనిపించేది. ఆ పిల్ల రెక్క పట్టుకుని లాక్కురాకపోతే ఈ జన్మకి మంచు ఎలా ఉంటుందో చూసేదా తను? ముట్టుకుంటే కాలుతుందేమోనని భయపడి, ముట్టుకుని, నోట్లో కూడా వేసుకుంది.

ఇంత చూపించిన పిల్లకి ఒక చెయ్యి ఇవ్వనివ్వండి చాలు, అనుకుంది. ఎవరితో అనుకుందో ఆవిడకే తెలీదు.

ఫోన్లో దుబాసీ దొరికింది. ఎవరో అమ్మాయి. ఆ వెనకాల కుక్కర్ కూత వినిపిస్తోంది.

"అమ్మా, కంగారుపడకండి. ఒక్క సంగతి చెప్పండి. మీరు తల్లినంటున్నారు, పాప మా అమ్మ ఊళ్ళో ఉందంటోంది, కోచ్‌గారేమో మీరు అమ్మమ్మ అన్నారట."

"అమ్మమ్మా? నాకింకా జుట్టే నెరవలేదు!"

అవతల దుబాసీ కళ్ళద్దాలావిడతో కాసేపు మాట్లాడింది. తర్వాత నవ్వు ఆపుకుంటూ, "మొదటి రోజే పాప కోచ్‌గారితో మిమ్మల్ని పెద్ద తల్లి అని చెప్పిందటమ్మా. పెద్దమ్మ అన్నదాన్ని వీళ్ళ భాషలో మాటకి మాట పెట్టేసింది. వీళ్ళ భాషలో పెద్ద తల్లంటే అమ్మమ్మే" అంది.

"అందుకా, ఇన్నాళ్ళూ ఆ కోచ్ నన్ను చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతున్నాడు! ఎంత మర్యాదస్తుడో అనుకున్నా."

దుబాసీ మాట అందరికీ వినపడేలా స్పీకర్లో పెట్టి, పాప తల్లికి పెద్దమ్మ ఫోన్లోంచి చెయ్యమన్నారు. చెల్లెలు డిపోలో ఉంది. వీడియోలో ఖాకీ చొక్కా, భుజాన సంచీ, వెనక బస్సుల హారన్లు. ఏం జరిగిందో వినగానే ఆవిడ ముఖం పాలిపోయింది కానీ గొంతు మాత్రం నిండు బస్సులో చివరి సీటుదాకా వినిపించే గొంతే. ఈ పాప మీ కూతురేనా అని దుబాసీ అడిగింది.

"నా కూతురేంటండీ! మా అక్క కూతురది. నేను కన్నాను, అంతే."

"అంటే?" అంది దుబాసీ.

"ఒసే, నీ నోరు పడ! సరిగ్గా చెప్పవే. ఇక్కడ నన్ను దొంగదాన్ననుకుంటున్నారు" అని పెద్దమ్మ ఏడుపు గొంతుతో అరిచింది.

"ఎవరే అన్నది? ఫోను వాళ్ళకివ్వు."

కళ్ళద్దాలావిడ ఫోనందుకుంది. చెల్లెలు ఒక్కసారి కళ్ళు తుడుచుకుంది.

"చూడండి మేడం. నాకు తెల్లవారుజాము డ్యూటీ పడ్డప్పుడల్లా అది మా అక్క పక్కలోనే నిద్రలేచింది. నేను టికెట్లు కొడుతుంటే అన్నం గిన్నె పట్టుకుని దాని వెనక తిరిగింది మా అక్క. కన్నదాన్ని నేనే, కాదనను. సంతకం కావాలంటే ఇప్పుడే పెట్టి పంపిస్తా. కానీ తల్లికి అక్కయితే మాకు పెద్దమ్మ. వరసకే కాదు, నిజంగానే నాకంటే పెద్దమ్మ. పక్కన ఆవిడుంటే నేనున్నట్టే. నేనక్కడ ఉన్నా ఆవిణ్ణే ఉండమనేదాన్ని."

దుబాసీ ఒక్కో మాటా తర్జుమా చేసింది. అంతా విని కళ్ళద్దాలావిడ ఏదో అడిగింది.

"మరి తల్లికి చెల్లెలుంటే ఏమంటారని అడుగుతున్నారమ్మా."

"చిన్నమ్మ. పిన్ని."

"అంటే చిన్న తల్లి. అయితే ఈ పాపకి మొత్తం ఎంతమంది తల్లులంటున్నారు."

"ఇంకో చెల్లెలు లేదు కాబట్టి సరిపోయింది. ఇద్దరమే" అంది పెద్దమ్మ, ముక్కు చీదుకుంటూ.

కళ్ళద్దాలావిడ నవ్వి, ఫోను పెద్దమ్మ చేతికిచ్చింది. తల్లి సంతకం తెప్పించుకునే పని పక్కనున్న నర్సుకి అప్పగించి, లేచి, తనే వెళ్ళి అద్దం తలుపు తెరిచి పట్టుకుంది. పెద్దమ్మకి ధన్యవాదాలు అనే మాట కూడా వచ్చు, అది బొంగరం నేర్పిన మొదటి మాట. కానీ ఆ సమయానికి నోటికి రాలేదు. రెండు చేతులూ జోడించింది. ఆ చేతుల మధ్యే ఫోనుంది, ఫోన్లో చెల్లెలుంది.

పిల్లని చక్రాల మంచం మీద తీసుకెళ్తున్నారు. పెద్దమ్మ పక్కనే నడుస్తోంది, ఒక చేత్తో పిల్ల చెయ్యి, ఇంకో చేత్తో ఫోను. మంచం గడప దాటుతూ కుదిపింది. పిల్లకి నొప్పి కలుక్కుమంది.

"అమ్మా!"

"ఏమ్మా?" అంది పెద్దమ్మ. "ఏమ్మా?" అంది ఫోను. ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

బొంగరం కళ్ళు తెరిచి ఇటూ చూసింది, అటూ చూసింది.

"అబ్బా, ఒకరి తర్వాత ఒకరు పలకండి" అని మూలిగింది. పెద్దమ్మ వేళ్ళు మాత్రం ఇంకా గట్టిగా పట్టుకుంది.