గీత పడని బండి

శుక్రవారం వచ్చిందంటే ఆ అరబ్బు దేశపు నయీమ్ గల్లీలో లచ్చన్నకు ఎక్కడలేని గిరాకీ. వారమంతా కంపెనీ బస్సు నడిపే మనిషి, సెలవు రోజున ఎవరు పిలిస్తే వాళ్ల కారు నడుపుతాడు. లైసెన్సు ఉంది గానీ తన పేరు మీద సైకిలు కూడా లేదు.

లచ్చన్న నడుపుతుంటే బండికి తగలాల్సిన దెబ్బ ఆయనకు తగులుతుంది. గోడకు రాసుకుంటే ఆయన భుజం గీరుకుపోతుంది. వెనక ఎవడైనా గుద్దితే ఆయన నడుముకు సొట్ట పడుతుంది. ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. కొందరి చేతిలో మొక్క బతుకుతుంది, లచ్చన్న చేతిలో బండి బతుకుతుంది, అంతే అనుకున్నారు. కొత్త కారు కొన్నవాళ్లు ముందు ఆయనకే తాళాలిచ్చేవాళ్లు.

ఆ ఏడు ఆయన ఎడమ భుజం పైకి లేవడం మానేసింది. భయం పట్టుకుంది. రేపు కాళ్లు పోతే డ్యూటీ పోతుంది, వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఇంటికి పంపేస్తాడు. ఊళ్లో భార్య ముత్తెమ్మకు ఆయన తప్ప దిక్కులేదు. అందుకే ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే హైదరాబాదు పిల్ల నాదియా దగ్గరికి వెళ్లాడు.

“నా మీద ఇన్సూరెన్స్ చెయ్యి బిడ్డా. ఎవల బండి నడిపినా, నాకు దెబ్బ తాకితే పైసలు రావాలె.”

“ఇక్కడ బండికే చేస్తరు కాకా. నీకు బండి లేదు గద?”

“బండికి అయ్యేదంత నాకే అయితది గదనే!”

“తెలుసు కాకా, అందరికీ తెలుసు. కానీ నీకు నంబరు ప్లేటు లేదు.” ఆ పిల్ల తల దించుకుంది. “బండి ఓనర్లను అడుగు. వాళ్ల పాలసీల డ్రైవర్‌ను సుత కలిపిస్తే నీకు వస్తది.”

అందరికంటే ఎక్కువ పిలిచేది బట్టల దుకాణం లియాఖత్. లచ్చన్న ఆయన్నే అడిగాడు.

“అరే లచ్చన్నా, నువ్వు నడిపితే నా బండికేమైతది? ఎందుకు దండుగ!” అన్నాడు లియాఖత్. పొగిడాడనుకుని లచ్చన్న నవ్వాడు కూడా, మళ్లీ అడగలేదు. ఆ నవ్వే ఆయన కొంప ముంచింది.

మరుసటి శుక్రవారం కర్జకాన్ దారిలో, లచ్చన్న నడుపుతున్న లియాఖత్ కారును ఇసుక లారీ ఎదురొచ్చి గుద్దింది. లియాఖత్ దిగి కారు చుట్టూ తిరిగాడు. “అల్‌హమ్‌దులిల్లా! గీత సుత పడలే!” అన్నాడు. తర్వాత స్టీరింగు కింద నలిగిపోయిన కాళ్లు చూశాడు.

పోలీసాయన అంబులెన్సు పిలిచాడు, జాలిపడ్డాడు. కానీ తెల్ల కారు కడిగిన గిన్నెలా మెరుస్తోంది. దెబ్బలేని బండికి యాక్సిడెంట్ ఎలా రాస్తాడు? “ఖలాస్, యల్లా,” అని లారీని పంపేశాడు. ఇన్సూరెన్సు వాళ్లూ అదే మాట అన్నారు.

“బండికేం కాలే గద భాయ్?” అని ఆసుపత్రిలో లచ్చన్న అడిగాడు. లియాఖత్ మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చాడు.

కఫీల్ టికెట్ తీశాడు. ఎయిర్‌పోర్టుకు లియాఖత్ తానే నడుపుకుంటూ తీసుకెళ్లాడు. గల్లీ మలుపులో కారు గోడకు కర్రుమని రాసుకుంది. లియాఖత్ దిగి చూడలేదు. వెనక సీట్లో లచ్చన్న అలవాటుగా భుజం తడుముకున్నాడు.

భుజానికి ఏమీ కాలేదు, ఈసారి గీత బండికే పడింది. కాళ్లు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చాడు.