చర్చి చేనికి పట్టిన తెగులు

వారంలో ఆరు రోజులు శాంతికుమారి అనకాపల్లిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఏడో రోజు పక్కనే ఉన్న తమ ఊరి చర్చిలో పెద్దపిల్లలకు సండేస్కూలు నడుపుతుంది. పద్నాలుగేళ్లుగా ఈ రెండు ఉద్యోగాలూ ఒకదాని జోలికి ఒకటి పోలేదు. పోయిన ఆదివారం మాత్రం సుప్రియ అనే పిల్ల లేచి నిలబడింది. ఆ పిల్ల కాలేజీలోనూ ఈవిడ దగ్గరే చదువుతుంది.

"మేడం, శుక్రవారం మీరే జీవులు మారుకుంటా వచ్చేయన్నారు. ఇయ్యాల మీరే దేవుడు మట్టితో మనిషిని సేసేడంటన్నారు. నేనేటి నమ్మాలి?"

ఇంకొకరైతే గడియారం చూసుకుని ప్రార్థన మొదలుపెట్టేవారు. శాంతికుమారికి ఆ తెలివితేటలు లేవు.

"రెండూ నమ్ము. ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఇక్కడ నేర్చుకో. ఎలా చేశారో, ఎంతకాలం పట్టిందో అక్కడ నేర్చుకో. మట్టిలోంచి మనిషిని తియ్యడానికి కోట్ల ఏళ్లు పట్టిందంటే దేవుడు చిన్నవాడైపోతాడా? ఆయన ఓపిక ఎంతదో తెలుస్తుంది, అంతే" అంది.

సాయంత్రమయ్యేసరికి ఆ మాటకు తోక మొలిచింది. మన తాతలు కోతులని మేడం చెప్పిందట అని ఊరంతా ఒకటే గోల. పాస్టరుగారు చెడ్డమనిషి కాదు, భయస్తుడు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాలనీ, లేకపోతే సండేస్కూలు వదిలేయాలనీ కబురు పంపారు.

పాస్టరుగారి సంగతి ఎలా ఉన్నా, శాంతికుమారి దిగులంతా తండ్రి గురించే. అప్పారావు ముప్పై ఏళ్లుగా సంఘపెద్ద. చెరకు పరిశోధన పొలాల్లో కూలీగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, పని మానుకున్న మనిషి. ఆయన అవునంటే సంఘం అవునంటుంది. ఆయన ఒళ్లో కూర్చునే ఆవిడ మొదటి ప్రార్థన నేర్చుకుంది. ఆ వారమంతా ఆయన నోరు విప్పలేదు.

"నాన్నా, నేను తప్పు చెప్పానా?" అని శనివారం ఉండబట్టలేక అడిగేసింది.

"ఆదివారం రానీ" అని ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ రాత్రి ఆవిడకు ఏడుపొచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యింది. ఎవరూ ఇళ్లకు కదల్లేదు. శాంతికుమారి లేచి, "నేను చెప్పింది వెనక్కి తీసుకోలేను, అయ్యగారూ. దేవుణ్ణి పొగడ్డానికి నేను అబద్ధమాడను" అంది.

పాస్టరుగారు అప్పారావు వైపు చూశారు. "పెద్దలు మీరే తీర్పు చెప్పాలి."

"తీర్పు నేను సెప్పనయ్యా, సాక్ష్యం సెప్తాను" అంటూ అప్పారావు ముందుకొచ్చాడు.

సాక్ష్యమంటే ఆ చర్చిలో అందరికీ తెలుసు. మోకాలు నొప్పి తగ్గిందనో, పిల్లాడికి ఉద్యోగమొచ్చిందనో దేవుడికి స్తోత్రం చెప్పుకుంటారు. జనం చేతులు కట్టుకుని సర్దుకుని కూర్చున్నారు.

"మన చర్చి సేను గురుతుందా? ముప్పై సెంట్ల చెరకు. ఇరవై ఏళ్ల కిందట అంతా ఎండిపోయింది. కర్ర చీరితే లోపల ఎర్రగా, పులిసిన వాసన. అది ఎర్రకుళ్లు తెగులు, బూజు వల్ల వస్తది. ఆ రకానికి ఆ తెగులు రాదని మనందరికీ ధైర్యం. ప్రార్థన సేసిన ఇత్తనమని ఏళ్ల తరబడి ఆ కర్రల్నే ముక్కలుగా, ముచ్చెలు కోసి నాటుకున్నాం."

ఆయన సంఘం వైపు తిరిగి మళ్లీ అందుకున్నాడు.

"ఆ ఏడు నాటే ముందే మా పరిశోధన పొలం పెద్దసారు నన్ను పిలిసి సెప్పేడు. అప్పారావూ, రకం మారలేదు గానీ తెగులు మారిపోయింది, ఆ బూజులో కోట్లకొకటి ఈ రకాన్ని తినడం నేర్సింది, దాని పిల్లలే ఇప్పుడు పొలాల నిండా ఉన్నాయి, ఇత్తనం మార్చండి అన్నాడు. నేను నవ్వేను. దేవుడు సేసింది మారదు సార్ అన్నాను. ఇక్కడికొచ్చి మీకు ఒక్క ముక్క సెప్పలేదు. సేను పోయేక నా పరువు కాపాడుకోడానికి ఇంకో మాట సెప్పేను."

ఆ ఇంకో మాట ఏమిటో పెద్దవాళ్లందరికీ జ్ఞాపకమొచ్చింది. నాటే రోజు ప్రార్థన చేసి మొదటి ముచ్చె కోయడం ఒక ఆడమనిషి చేత చేయించడం ఆ సంఘం ఆనవాయితీ. ఆ ఏడు కోసింది మహాలక్ష్మమ్మ. అంతకుముందే చెల్లెలికి తోడుగా నూకాలమ్మ జాతరకు వెళ్లొచ్చింది. ఆ చెయ్యి తగిలే చేను పోయిందని అన్నాడు అప్పారావు. అప్పటినుంచి ఆవిడ చర్చి గుమ్మం దగ్గరే కూర్చుంటోంది, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరకు రావడం లేదు.

"ఆ సేతిలో ఏ పాపమూ లేదు. పాపం నా నోట్లో ఉంది" అన్నాడు అప్పారావు. అందరిలో అంత ఎత్తుగా నిలబడే మనిషి గుమ్మం వైపు తిరిగి చేతులు జోడించాడు. "వదినా, నన్ను చెమించు."

శాంతికుమారి తండ్రిని అంత గొప్పగా ఎప్పుడూ చూడలేదు.

పాస్టరుగారు నెమ్మదిగా అడిగారు. "తెగులు మారిందనుకోండి అప్పారావుగారూ, మనిషి కూడా అలాగే వచ్చాడంటారా?"

"అది నాకు తెల్దయ్యా, నా కూతురికి తెలుసు. నాకు తెలిసిందొకటే. బైబిల్లో మొదట్లోనే, మొక్కల్ని మొలిపించమని దేవుడు నేలకే పని సెప్పేడు. ఒక్కపాలి మొలిపించి ఊరుకోమనలేదు. నలభై ఏళ్లు ఆ పొలాల్లో కొత్త మొక్కల్ని సూసేను. నేల ఇంకా ఆ మాట ఇంటానే ఉంది. నేనే ఇన్లేదు."

మహాలక్ష్మమ్మ గోడ పట్టుకుని లేచింది. మెల్లగా మధ్యలోంచి నడిచి ముందుకొచ్చింది. అప్పారావు ముందు ఆగి, కుడి చెయ్యి చాపి చూపించింది.

"ఇరవై ఏళ్లు ఈ సేతినే సూసుకున్నాను అప్పారావూ. ఏటి సేసిందిది అని."

ఆయన తలెత్తలేకపోయాడు. ఆవిడ పాస్టరుగారి వైపు తిరిగింది.

"అప్పారావు కూతుర్ని ఆపకండయ్యా. ఈ పాఠం ఆ రోజే నాకెవరైనా సెప్పుంటే, దేవుడు నా మీద కోపంగా ఉన్నాడని ఇన్నేళ్లు ఏడిసేదాన్ని కాదు."

పాస్టరుగారు కళ్లజోడు తీసేశారు. ఆపుతానని మాత్రం అనలేదు. శాంతికుమారి వచ్చి ఆ ముసలి చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది.