ఆదికి కాస్త లూజు

నేను ఒక ఆది జాకెట్టును. జాకెట్టే కదా అని పేజీ తిప్పేయకండి. మామూలు జాకెట్టు ఒంటి మీద ఉంటుంది, చెమటకు తడుస్తుంది, వెలిసిపోతుంది, ఆఖరికి పొయ్యిగట్టు తుడిచే గుడ్డవుతుంది. నా సంగతి వేరు. ఇంట్లో కొత్త గుడ్డ కొన్న ప్రతిసారీ నన్ను బీరువాలోంచి తీసి, ఆ గుడ్డలో చుట్టి, దర్జీ చేతిలో పెడతారు. "దీని ప్రకారం కుట్టండి" అంటారు. నా మెడ ఎంత దిగితే కొత్తదాని మెడ అంతే దిగాలి, నా చెయ్యి ఎక్కడ ఆగితే దాని చెయ్యీ అక్కడే ఆగాలి. తెనాలిలో వకుళగారి బీరువా నిండా ఉన్న జాకెట్లన్నీ నా పోలికే. నాకు గర్వమంటారు. ఉంది మరి, దాచుకోవడమెందుకు?

నాది వంకాయ రంగు, రూబియా గుడ్డ. నన్ను కుట్టింది కరీమా. మార్కెట్ వెనక సందులో ఆమె కొట్టు. అప్పట్లో ఆమె వయసులో చిన్నదే గానీ నోరు మాత్రం చేతిలోని కత్తెర కన్నా పదును. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె చేత తిట్లు తిని మరీ కుట్టించుకునేవాళ్ళు.

వకుళకు అప్పుడే మునిసిపల్ హైస్కూల్లో టీచరుద్యోగం వచ్చింది. పొట్టి మనిషి. భుజాలు వెడల్పు, చేతులు నిండు, మెడ కురచ. ఆ మూడూ తన తప్పులైనట్టు ఎప్పుడూ పైట భుజాల చుట్టూ కప్పుకుని నడిచేది. ఆ రోజుల్లో ఊరంతా బుట్ట చేతుల మోజు. పెళ్ళిపందిట్లో చూడండి, సినిమా హాల్లో చూడండి, ఆడపిల్లల భుజాల మీద బుట్టలే.

"బుట్ట చేతులు పెట్టక్కా. పెద్దవి. మెడ గుండ్రంగా, దగ్గరగా" అంది వకుళ, నన్ను, అంటే గుడ్డగా ఉన్న నన్ను, బల్ల మీద పెట్టి.

"ఎందుకంట?"

"అందరూ అవేగా వేస్తున్నారు."

"అందరూ నీలాగున్నారా?" అంది కరీమా. కళ్ళజోడు సర్దుకుని వకుళను కిందనుంచి పైదాకా చూసింది. "నీ భుజాలు నిండుగా ఉన్నయ్. వాటిమీద బుట్టలు పెడితే బడిలో పిల్లలకి బుట్టలే కనపడతయ్, పంతులమ్మ కనపడదు. మెడ కురచ. దగ్గరగా గుండ్రం మెడ పెడితే ఇంకా కురచైతది. వి మెడ పెడతా. చేతులు మోచేతి దాకా, సాదాగా."

"సాదానా! ముసలమ్మ జాకెట్టులా ఉంటదక్కా."

"నచ్చకపోతే నా మొహాన కొట్టు" అని కరీమా గుడ్డ లాక్కుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం ఆమె కొట్టులో కుదరదు. వకుళ కళ్ళనీళ్ళు ఆపుకుంటూ వెళ్ళిపోయింది.

నన్ను కత్తిరించిన తీరు చెప్పుకోవాలి. ముందు నాలుగు టక్కులు, దేని చోటు దానిది. వి మెడ కోణం అచ్చం వకుళ గడ్డానికి ఎదురుగా దిగేట్టు. పక్కల్లో వరసగా మూడు కుట్లు వేసి, లోపల వేళ్ళతో పట్టుకునేంత గుడ్డ వదిలింది. "ఆడమనిషి ఒళ్ళు ఒక్కచోట ఆగదు. లోపల గుడ్డ దాచి పెట్టాలి" అని తనలో తాను అనుకుంటూ చివరి హుక్కు కుట్టింది. ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. పుట్టినరోజున ఎవరు వింటారు అలాంటివి?

వకుళ నన్ను తొడుక్కుని కొట్టులోని నిలువుటద్దం ముందు నిలబడింది. ఇటు తిరిగింది, అటు తిరిగింది. భుజాల మీద పైట తీసి మామూలుగా ఒక్క భుజానికి వేసుకుంది. కాసేపటికి అడిగింది: "అక్కా, నా మెడ పొడుగైందేంటి?"

"ఉన్న మెడే. దానికి దారిచ్చా" అంది కరీమా, తలెత్తకుండా కాజాలు కుడుతూ.

మర్నాడు బడిలో హెడ్మిస్ట్రెస్ గారు ప్రార్థన అయ్యీ కాకముందే వకుళను పక్కకు పిలిచి, "జాకెట్టు ఎక్కడ కుట్టించావమ్మా?" అని అడిగారు. ఆ రోజు వకుళ పాఠం చెప్పిన తీరు నేను దగ్గరుండి చూశాను. నల్లబల్ల మీద ఎత్తుగా రాసింది. చెయ్యి ఎత్తడానికి సిగ్గుపడే మనిషి, ఎత్తింది. ఆ ఘనత నాదేనని నేనంటే మీరు కాదనలేరు.

కానీ మనుషుల న్యాయం చూడండి. బాగా కుదరని జాకెట్టును విసుక్కుంటూ అయినా వేసుకుంటారు. బాగా కుదిరినదాన్ని మాత్రం, "ఇది ఆదికి ఉండాలి, పాడవకూడదు" అని ఒంటి మీంచి తీసి మడత పెడతారు. నాలుగు ఉగాదులు తిరగకుండానే నాకు పదోన్నతి వచ్చింది. అప్పట్నుంచీ ఒళ్ళు తగల్లేదు, కొలతబద్దే తగిలింది. గౌరవమే, కాదనను. పీట వేసి కూర్చోబెట్టి అన్నం పెట్టనట్టు ఉండేది, అంతే.

ఏళ్ళు గడిచాయి. వకుళకు పెళ్ళయింది, చందన పుట్టింది, ఒళ్ళు వచ్చింది. ఆది మాత్రం నేనే. "అక్కా, ఆదికి కాస్త లూజు పెట్టు" అని కబురు పంపేది. మరుసటి ఏడు, "ఆదికి ఇంకాస్త లూజు". ఆ "కాస్త" ఏటేటా పెరిగింది గానీ, ఆది మార్చుదామని ఎవరికీ తోచలేదు. నన్ను మారిస్తే ఆ అద్దం ముందు నిలబడ్డ పిల్లను పోగొట్టుకున్నట్టని వకుళ భయం. ఆ భయం నాకు నచ్చింది. ఎవరికి నచ్చదు చెప్పండి?

చందన తల్లిలా కాకుండా తండ్రివైపు పోలికతో పెరిగింది. పొడుగు. సన్నటి భుజాలు, బారు మెడ, బారు నడుము. చదువు విశాఖపట్నంలో, హాస్టల్లో. కాలేజీలో చీరల రోజు వచ్చినప్పుడు వకుళ ఇక్కణ్ణుంచే నన్ను కరీమాకు పంపి, "మా అమ్మాయికి. ఆదికి పక్కలు తగ్గించు" అంది. నాకు కుదిరింది నా కూతురికి కుదరదా అని ఆమె ధీమా. నా ధీమా కూడా అదే. ఆ జాకెట్టు వేసుకుని పిన్నులు పెట్టుకున్న చందనను చూసి ఎవరో, "తలుపుకు తగిలించినట్టుందే చీర" అన్నారట. అప్పట్నుంచి ఆ పిల్ల "నాకు చీర నప్పదు" అనడం మొదలుపెట్టింది.

చీర లేకుండా గడిచిపోయేదే. కానీ చందనకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఒకటే కోరిక, వార్తలు చదవాలని. బజ్జీలు కట్టిచ్చిన కాగితం కూడా పైకి చదివి గానీ పారేసేది కాదు. చదువైపోయి ఇంటికొచ్చాక బెజవాడలో ఒక టీవీ చానెల్ నుంచి పరీక్షకు రమ్మని పిలుపొచ్చింది. చీరతో రావాలన్నారు. వకుళ సంబరానికి హద్దు లేదు. నా ప్రకారం మళ్ళీ కుట్టించింది, పక్కలు తగ్గించి. తల్లీ కూతుళ్ళు రైలెక్కారు. అక్కడ అవసరం పడితే ఎవరికైనా చూపించవచ్చని నన్నూ సంచిలో పెట్టుకుంది వకుళ.

చందన లోపలికి వెళ్ళింది. బయట వరండాలో గోడ మీది టీవీలో ఆమె కనిపిస్తోంది. వకుళ ఒళ్ళో సంచి, సంచి మూతి తెరిచి ఉంది. నేనూ చూశాను. గొంతు గంటలా ఉంది. కానీ రెండో వాక్యానికి జాకెట్టు భుజం జారింది. చందన చెయ్యి పైకి వెళ్ళి లాక్కుంది. మళ్ళీ జారింది, మళ్ళీ లాక్కుంది. భుజం మీద చూపు పెట్టి చదువుతుంటే మాట తడబడింది. ఒక ఊరి పేరు రెండుసార్లు తప్పు చదివింది.

వార్తల విభాగం చూసే పెద్దావిడ చందనతో పాటు బయటికొచ్చింది. "గొంతు బావుందమ్మా. కానీ వార్త చదువుతున్నావా, జాకెట్టు కాపలా కాస్తున్నావా? శుక్రవారం ఇంకోసారి చూస్తాను. అదే ఆఖరు" అంది. వెనక తెర ఆకుపచ్చది కాబట్టి ఆ రంగు మాత్రం వేసుకు రావద్దని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక చందన చీర విప్పి మంచం మీద పడేసింది. "నేను వెళ్ళను" అంది.

"ఒక్క జాకెట్టు కోసం ఇంత చదువూ పాడు చేసుకుంటావేందే? కరీమక్క చెయ్యి తప్పినట్టుంది. ఆది మంచిదే కదా" అంది వకుళ, నన్ను పైకెత్తి చూపిస్తూ.

"అది నీ ఆదమ్మా!" అని అరిచింది చందన. తర్వాత గొంతు తగ్గింది. "నీకు అంత బాగా కుదిరింది నాకు కుదరట్లేదంటే నా ఒళ్ళే బాలేదనుకున్నా. ఇన్నాళ్ళూ అదే అనుకున్నా."

పైకెత్తిన నన్ను వకుళ మెల్లగా దించింది. పైట భుజాల చుట్టూ కప్పుకుని నడిచిన పిల్ల ఆమెకు గుర్తొచ్చి ఉంటుంది. నాకైతే వచ్చింది. చాలా బాధ వేసింది. ఆ బాధలో నా వాటా ఎంతో మీరే లెక్క వేసుకోండి.

సాయంత్రానికి ముగ్గురం కరీమా కొట్టులో ఉన్నాం. చందన చెప్పులు విడుస్తూ గుమ్మం దగ్గర ఆగింది. వకుళ మాత్రం దూసుకెళ్ళి, "ఎట్టా కుట్టావక్కా? భుజాలు జారిపోతున్నయ్" అంది.

"నీ ఆది ఎట్టుంటే అట్టా కుట్టా" అంది కరీమా. జుట్టు నెరిసింది గానీ నోరు నెరవలేదు. "ఆది ఇచ్చినాక ఇంకో మాట ఉండదు నా కాడ." అంటూనే గుమ్మం వైపు చూసి, చేతిలో గుడ్డ వదిలేసింది. "ఈ పిల్లకా నేను కుట్టింది?"

చందన తల వంచుకుని లోపలికి వచ్చింది.

"వకుళా, నీకు బుద్ధుందా? కొబ్బరిచెట్టంత పిల్లకి నీ ఆది పంపుతావా? గౌను వేసుకు తిరిగినప్పుడు చూసిందే నేను. పక్కలు తగ్గించమంటే సన్నంగా ఉందనుకున్నా. భుజం సంగతి ఎవరు చెప్పారు నాకు?" మొలకు చుట్టిన టేపు లాగింది. "చేతులు దింపు అమ్మాయ్. తలెత్తు. ఆ మెడ చూడు, అల్లా ఎంత తీరుబడిగా చేశాడో! దాన్ని దాచుకుని తిరుగుతున్నావా?"

"నాకు చీర నప్పదు పెద్దమ్మా" అంది చందన సన్నగా.

"నప్పనిది చీర కాదు, మీ అమ్మ కొలత." కరీమా భుజం నుంచి భుజానికి టేపు పెట్టింది. "బారు మెడ, దానికి పైకి కట్టిన బోట్ నెక్. ఒళ్ళు పొడుగు పెంచుతా, నడుము మీదికి దిగాలి. భుజాలు సన్నం. వాటికి చిన్న బుట్టలు పెడతా, గుప్పెడంత."

వకుళ నోరు తెరిచింది. "బుట్ట చేతులా! నాకు వద్దన్నావుగా అక్కా?"

"నీకు వద్దన్నా. ఊరికి వద్దన్నానా?"

అబద్ధం చెప్పను, బల్ల మీద పడి ఉన్న నాకు దిమ్మ తిరిగింది. బుట్టలు కాదనిపించుకుని పుట్టిన దాన్ని నేను. నా బతుకే వాటికి ఎదురు సాక్ష్యం. ఇన్నేళ్ళకు ఫ్యాషన్ మళ్ళీ తిరిగొచ్చి, నా ఇంటి పిల్ల భుజాల మీదే వచ్చి కూర్చుంటుందా? కానీ నెమలికంఠం నీలం గుడ్డ భుజాల మీద పట్టి చూపించినప్పుడు చందన అద్దంలో తనను తాను చూసుకుంది. ఎప్పుడూ వంగిపోయే మెడ నిటారుగా నిలిచింది. ఆ చూపు నాకు తెలుసు. అలాంటి చూపు చూసి పుట్టిన దాన్ని కదా, గుర్తుపట్టాను. నా గర్వం దానికి దారిచ్చింది.

"ఇంక నువ్వు చేతులెత్తు" అంది కరీమా వకుళతో.

"నాకెందుకులే అక్కా ఇప్పుడు."

"లూజు లూజంటా గోనెసంచిలో తిరుగుతున్నావ్. ఇంత గుడ్డలో నీ ఒళ్ళేదో వెతుక్కోవాల. ఎత్తు!"

కొలత తీసుకుని, కరీమా నన్ను తిరగేసి పక్క కుట్లు ఒక్కొక్కటీ విప్పింది. లోపల దాచిన గుడ్డ బయటపడింది. బయట నేను వెలిసిపోయాను గానీ, అక్కడ వంకాయ రంగు పుట్టిన రోజున ఉన్నట్టే నిగనిగలాడుతోంది. అంత వదిలినా చంకలో చాల్లేదు. కరీమా చందన జాకెట్టులో మిగిలిన నెమలికంఠం ముక్క కత్తిరించి, ఎవరికీ కనపడని చోట అతికింది. బుట్ట చేతుల గుడ్డతో నాకు ఈ జన్మలో చుట్టరికం కలుస్తుందని ఎవరైనా చెబితే నవ్వేదాన్ని.

శుక్రవారం నేను సంచిలో వెళ్ళలేదు. వకుళ ఒంటి మీద వెళ్ళాను. అదే వరండా, అదే గోడ మీది టీవీ. చందన మొదటి వార్త చదివింది, రెండోది చదివింది. వకుళ గుండె నా కింద దడదడలాడుతోంది. ఆమె వార్త వినడం లేదు, కూతురి చెయ్యి భుజం మీదికి వెళ్తుందేమోనని చూస్తోంది. చెయ్యి బల్ల మీదినుంచి కదల్లేదు. పోయినసారి తడబడిన ఊరి పేరు ఈసారీ వచ్చింది, హాయిగా పలికి ముందుకు వెళ్ళింది. పక్క కుర్చీలో ఇంకో పిల్ల తల్లి కూర్చుని ఉంది. వంగి మెల్లగా అడిగింది: "మీ జాకెట్టు భలే కుదిరిందండీ. ఎక్కడ కుట్టించారు?"

వకుళ కళ్ళు తుడుచుకుంది. "తెనాల్లో అండీ. కానీ ఆది పంపకండి, మీరే వెళ్ళండి" అంది.

లోపల్నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది, సోమవారం నుంచి రమ్మంటూ.

ఆ రాత్రి ఇంట్లో వకుళ నన్ను విప్పి, అలవాటుగా మడత పెట్టి, ఆది ఉండే పాత తుండులో చుట్టబోయింది. చుట్టబోయి ఆగింది. తుండు పక్కన పెట్టి, నన్ను దులిపి, రేపు కట్టుకోవాల్సిన చీర పక్కన హ్యాంగరుకు తగిలించింది.

నేను ఒక జాకెట్టును.