గాడిద మొదటి గొంతు

మన గ్రూపులో ఏడో ఎపిసోడ్ దయ్యం గురించి ఎంత గొడవ జరిగిందో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళ కోసం మళ్ళీ చెప్తా. ఉత్తరాలు మోసే గాడిద బొమ్మల సీరియల్, మనమంతా చిన్నప్పుడు టీవీకి అతుక్కుపోయి చూసిందే. అందులో ఏడో ఎపిసోడ్‌లో గాడిద బావిలోకి తొంగి చూస్తుంది కదా, అక్కడ మ్యూజిక్ ఉండదు, మాట ఉండదు. కానీ సౌండు బాగా పెంచితే అడుగున ఎవరో గొణుగుతున్నట్టు వినిపిస్తుంది. ఒకాయన స్టూడియోలో పోయిన పెయింటర్ ఆత్మ అన్నాడు. ఒకావిడ పక్కింటి నీళ్ళ మోటారు అంది. నేను కూడా పళ్ళికిలించుకుంటూ చదివేవాణ్ణి.

ఈమధ్య ఛానెల్ వాళ్ళు మొట్టమొదటి ఎపిసోడ్‌లోంచి కత్తిరించేసిన సీన్లు దొరికాయని పెట్టారు చూడండి, అప్పుడు పోయింది నా నవ్వు. బొమ్మ దొరికింది గానీ మాట దొరకలేదు. మూసున్న తలుపు ముందు గాడిద నిలబడి నోరు తెగ ఆడిస్తుంటుంది, ఏమంటోందో దేవుడికే తెలియాలి. కింద కామెంట్లలో అంతా జోకులే. మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే ఆ నోరు మా అక్కది.

అక్క అప్పట్లో ఆ స్టూడియోలో బొమ్మలకి రంగులేసే పని చేసేది. గాడిదకి గొంతు కోసం వెతుకుతుంటే, పక్క బల్ల మీదావిడతో అక్క పోట్లాడే తీరు ఎవరో విని, తీసుకెళ్ళి మైకు ముందు నిలబెట్టారు. ఆ పనిలో ముందు గొంతు రికార్డు చేసి, తర్వాత ఆ మాటలకి తగ్గట్టు నోరు గీస్తారు. అక్క ఎక్కడ సాగదీస్తే గాడిద అక్కడ సాగదీసేది, అక్క ఎక్కడ మూతి తిప్పితే అదీ తిప్పేది. అంతా అయిపోయాక ఛానెల్ పెద్దాయన చూసి, "గాడిదకి ఆడగొంతేంటయ్యా" అన్నాడట. అంతే, మగ గొంతు పెట్టేశారు. కొత్త మాట పాత నోటికి కలిసిన చోట కలిసింది, కలవని సీన్లు కత్తెరకి పోయాయి.

కొన్నాళ్ళకి అక్కకి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. అప్పటికి మా మేనకోడలు ఇంకా చంటిది. ఇప్పుడు తనకే తెల్లవెంట్రుకలు వస్తున్నాయి, వాళ్ళమ్మ గొంతు ఎలా ఉండేదో మాత్రం ఆ పిల్లకి తెలీదు. చిన్నప్పుడు నా వెంటపడి అడిగేది.

"మావయ్యా, అమ్మ ఎలా మాట్లాడేది? ఒక్కసారి చేసి చూపించవా?"

నేను గొంతు సన్నగా చేసి ఏదో అనేవాణ్ణి.

"ఛీ, కోడి మెడ పిసికినట్టుంది" అనేది.

సరే, ఆ మూగ వీడియో మా అందరికీ టీవీలో పెట్టి చూపించింది మేనకోడలే. అక్క ఒక్క ముక్క సైగ కూడా చెయ్యకుండా చూసింది. మా బావ అదే స్టూడియోలో సౌండు ముక్కలు అతికించే పని చేసి రిటైరైన మనిషి. ఆయన్ని అడిగింది పిల్ల.

"దీని సౌండు ఏమైంది నాన్నా?"

"ఏమవుతుంది, చెత్తబుట్టలోకి పోయుంటుంది."

నేను ఊరుకోకుండా, ఇంట్లో మూడ్ తేలిక చేద్దామని, ఏడో ఎపిసోడ్ దయ్యం సంగతి ఎత్తాను. బావి దగ్గర గొణుగుడు ఫోన్లో వినిపించాను కూడా. బావ కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఏడోదా? బావి దగ్గరేనా? మళ్ళీ పెట్టు" అన్నాడు.

మళ్ళీ పెట్టాను. చివర్లో ఆ గొణుగుడు ఎక్కిళ్ళు పెట్టినట్టు తెగి తెగి ఆగింది. అప్పుడు నాకూ తట్టింది. మా అక్క నవ్వు అలాగే ఉండేది, నవ్వి నవ్వి చివర్న ఎక్కిళ్ళలోకి దిగేది.

బావ తల దించుకుని చెప్పాడు. అప్పట్లో సౌండు కూడా సినిమా రీలు లాంటి పట్టీ మీదే ఉండేదట, ఒక వైపు గోధుమరంగు పూత, మాటంతా ఆ పూతలోనే. మాట లేని చోట ఖాళీ వదలకూడదు కదా, రీలు పొడవు సరిపోవాలి. అందుకని పనికిరాని బొమ్మ రీళ్ళు ముక్కలు చేసి మధ్యలో నింపేవాళ్ళు. దాన్ని ఫిల్లింగ్ అనేవాళ్ళు.

"ఆరోజు ఫిల్లింగ్ అయిపోయింది. పైవాళ్ళ తొందర. బుట్టలో పాత సౌండు పట్టీ కనబడింది. తిరగేసి అతికిస్తే పూత అటువైపు ఉంటుంది, వినపడదులే అనుకున్నా. పూర్తిగా చావదని నాకేం తెలుసు."

అక్క ఫోన్లో టకటకా కొట్టి మా అందరి మొహాల ముందూ తిప్పింది. పెద్ద పెద్ద అక్షరాలు.

"నా గొంతుని తీసుకెళ్ళి సందులో కుక్కావా?"

"నీదని చూసుకోలేదే!"

"పెళ్ళాం గొంతు చూసుకోలేదు. మొగుడివేనా?"

మేనకోడలు ఇవేమీ వినట్లేదు. ఆ పట్టీ ఇంకా ఉంటే తిప్పి వినొచ్చని, అప్పటికే ఛానెల్ వాళ్ళ స్టోరుకి ఫోన్ కలిపేసింది. అక్కడ మెషీన్లు చూసుకునే మేడం కబురు చెప్పింది. రీళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశారు, పాతవి పుచ్చిపోతున్నాయి, రేపు మధ్యాహ్నం లారీ వచ్చి పట్టుకుపోతుంది.

పొద్దున్నే వెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాం. స్టోరు ఒక పొడుగాటి గది, కిటికీల్లేవు, తలుపు తియ్యగానే గుప్పున పుల్లటి వాసన, కళ్ళు మండేంత. రీళ్ళు కుళ్ళితే అదే వాసనట. సగం డబ్బాలు అప్పటికే తోపుడు బండ్లలో పేర్చి ఉన్నాయి. మేడం మంచిదే గానీ ముఖం గంటు పెట్టుకునే ఉంది.

"చూడండి, లారీ వాడు ఆగడు. నేను ఆపలేను. దొరికితే దొరికినట్టు, లేదంటే లేదు."

ఏడో నంబరు డబ్బా బండి అడుగున ఉంది. పైవన్నీ దించి తీశాం. మూత తుప్పు పట్టి రాలేదు. నేను చిల్లర బిళ్ళతో చుట్టూ తవ్వాను. వచ్చింది. లోపల రీలు పక్కలు అలల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. బావ బల్ల ముందు కూచుని మెల్లగా విప్పుతూ వేళ్ళతో తడుముతున్నాడు. పూత వైపు గరుకు, వెనక వైపు నునుపు. గరుకు, గరుకు, గరుకు... ఒకచోట ఆయన వేలు జారింది.

"ఇదిగో. ఇక్కడ తిరగబడింది."

పాత అతుకు టేపు ఎండిపోయి, ముట్టుకోగానే ఊడిపోయింది. పట్టీ తిప్పి చూస్తే బావ బొటనవేలికి గోధుమరంగు పొడి అంటుకుంది. పూత రాలుతోంది. రాలేదంతా మా అక్క మాటలే. అక్క ఆ వేలు వంక చూసి కళ్ళు తిప్పేసుకుంది.

మేడం భూతద్దంలోంచి చూసి చెప్పింది. "ఒక్కసారే ఆడుతుంది. మాట చదివే హెడ్డు మీద గీసుకుంటూ పోతుంది కదా, రెండోసారికి ఉత్త పట్టీ మిగులుతుంది. కంప్యూటర్ రికార్డింగులో పెడుతున్నా. ఎవరూ మాట్లాడొద్దు."

మెషీనుకి ఎక్కించింది. మోటారు నొక్కింది. టక్కుమని చప్పుడు. మొదటి జానెడు ముక్క తెగి నా కాళ్ళ దగ్గర పడింది.

"పట్టీ కుంచించుకుపోయింది. పక్క చిల్లులు చక్రం పళ్ళకి కూచోవట్లేదు. మోటారు లాగితే మొత్తం ఇలాగే పోతుంది" అంది మేడం.

"పళ్ళ చక్రం తప్పించి, చేత్తో తిప్పితే?" అన్నాడు బావ.

"తిప్పొచ్చు. స్పీడు సమంగా ఉండాలి. నెమ్మదైతే అసలు సౌండే పుట్టదు, గట్టిగా లాగితే తెగుతుంది. కాస్త ఎక్కువ తక్కువలు కంప్యూటర్లో సర్దుకోవచ్చు. కానీ ఏ స్పీడని తిప్పుతారు? ఏముందో ఎవరికీ తెలీదు కదా."

చెప్పిన టైముకి ముందే బయట లారీ హారన్ కొట్టింది. ఎవరో తలుపు బాదారు.

అక్క లేచి వెళ్ళి మెషీనుకి అటువైపు, బావకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూచుంది. తన పెదాల మీద వేలు పెట్టి చూపించింది. తర్వాత పెదాలు కదిపింది. చప్పుడు లేదు. కానీ మూతి తిప్పుడు, సాగదీత, అన్నీ వీడియోలో గాడిద చేసినట్టే! ఇన్నేళ్ళయినా ఆ డైలాగు మర్చిపోలేదు మా అక్క.

"దాని నోరు చూస్తూ తిప్పుతా" అన్నాడు బావ.

చెయ్యి వణుకుతోంది ఆయనకి. నేను తెల్ల గుడ్డ చేతొడుగులు వేసుకుని, బయటికొచ్చే కొస నేలకి తగలకుండా పట్టుకున్నా. మేనకోడలు స్పీకరు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది.

అక్క పెదాలు కదిలాయి. బావ తిప్పాడు. స్పీకర్లో గుర్రుమంది, కీచుమంది, మధ్యలో మాట దొరికింది.

"...లోపల? ఉత్తరం వచ్చిందండీ. తలుపు తియ్యకపోతే నేనే చదివేస్తా. నాకు చదవడం రాదు. అయినా చదివేస్తా!"

గాడిద గొంతే. పెద్దగా, వెటకారంగా. అక్క పెదాలూ ఆ మాటలూ ఒక్కోసారి కలుస్తున్నాయి, ఒక్కోసారి మాటలు అడుగు వెనకబడుతున్నాయి. వెనకబడినప్పుడల్లా అక్క గడ్డం ముందుకి ఎగరేస్తే బావ చెయ్యి అందుకుంటోంది. ఆ చెయ్యి వణకడం ఎప్పుడు మానేసిందో నేను చూడలేదు. హెడ్డు కింద గోధుమ పొడి చిన్న కుప్పగా పడుతోంది.

"ప్రియమైన... ప్రియమైన... తర్వాత ఏమో గానీ, చివర్లో మాత్రం ముద్దులు అని ఉంటుందండీ, అన్నిట్లోనూ అదే ఉంటుంది!"

అక్క నోరు మూసుకుంది. డైలాగు అయిపోయింది.

"చాలు, ఆపేద్దాం, మిగతాది ఖాళీ" అంది మేడం.

కానీ బావ చేతిలో ఇంకా పట్టీ ఉంది. ఆయన అక్క వైపు చూశాడు. అక్క భుజాలు ఎగరేసింది, తర్వాతేముందో తనకీ తెలీదు. ఇక చూడ్డానికి పెదాలు లేవు. బయట బాదుడు ఎక్కువైంది. ఆయన ఆపలేదు. కళ్ళు మూసుకుని అదే ఊపులో తిప్పుకుంటూ పోయాడు. స్పీకర్లో గర్రుమని గాలి తప్ప ఏమీ లేదు. ముడత దగ్గర పట్టీ ఒకసారి ఎగిరింది. తెగలేదు.

అప్పుడు వచ్చింది. గాడిద గొంతు కాదు. మామూలు గొంతు. మైకుకి కాస్త దూరంగా, ఎవరినో అడుగుతున్నట్టు.

"అయిందా? బాగుందా? ఇంకోసారి చెప్పమంటే చెప్తా. నాదేం పోయింది, గొంతేమన్నా అరిగిపోతుందా?"

తర్వాత నవ్వు. నవ్వి, నవ్వి, చివర్న ఎక్కిళ్ళు.

కొస నా చేతిలోకి వచ్చేసింది. చూస్తే గాజులా ఉంది, ఆవలి గోడ కనపడుతోంది. పూత మొత్తం ఊడిపోయింది. మేడం ఒంగి కంప్యూటర్లో గీతలు చూసి, పడిందన్నట్టు తలూపింది.

అక్క మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాలక మేనకోడలి వైపు చూశాను. అది గోడ వదల్లేదు.

"లావు గొంతు" అంది. "మావయ్యా, అమ్మది లావు గొంతు. నువ్వు ఇన్నాళ్ళూ సన్నగా చేసి చూపించావు."

"నాకు లావుగా రాదే" అన్నాను.

అక్క ఫోను తీసి ఏదో కొట్టబోయి, మానేసి, బావ చెయ్యి లాక్కుని వేళ్ళకి అంటిన ఆ గోధుమ పొడిని తన చీర కొంగుతో మెల్లగా తుడవడం మొదలుపెట్టింది. ఆయన తుడవనిచ్చాడు. బయట లారీ వాడు అరుస్తూనే ఉన్నాడు, మేడం తలుపు తియ్యలేదు.

"ఇంకోసారి చెప్పనా అని అడిగింది కదా" అంది మేనకోడలు. వెళ్ళి వాళ్ళమ్మ కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, ఆవిడ మోకాలి మీద తల పెట్టుకుంది. "ఊఁ. చెప్పమ్మా."

మేడం కంప్యూటర్ మీట నొక్కింది.