రెండు టైర్లు చాలు

జాకీ మీద రబ్బరు దిమ్మ పెట్టాక అతను మళ్ళీ బోర్లా పడుకుని కారు కిందికి చూశాడు. దిమ్మ సరిగ్గా జాకీ ఆనించాల్సిన గుర్తు కిందే ఉంది. అయినా చెయ్యి పెట్టి తడిమాడు. రెండు వేళ్ళ వెడల్పు లోపలికి జరిగితే బ్యాటరీ పెట్టె. కిందటి నెల ఒక ఎలక్ట్రిక్ కారు లేపుతూ దాని అంచుకి గీత పడేశాడు. కారుగలాయన చూడలేదు గానీ, బావమరిది చూశాడు. అప్పటి నుంచి చప్పుడు లేని కారు షెడ్డులోకి వచ్చిందంటే చాలు, అతనికి గుండెల్లో రాయి పడేది.

షాపు బావమరిదిది. భార్యకి తమ్ముడే అయినా ఇక్కడ అతనిదే పెద్దరికం. ఇరవై ఆరేళ్ళ కిందట, చక్రాల వంకర చూడడానికి కారు చుట్టూ దారం కట్టే రోజుల్లో, అందరూ ఇతన్ని దారం బాబాయ్ అన్నారు. ఇప్పుడు అంకెలు తెర మీద కనిపిస్తున్నాయి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇవాళ జాకీ మీదున్న ఎలక్ట్రిక్ కారు ఒక డ్రైవరమ్మది. నలుగురు పిల్లల్ని రోజూ బడికి దింపి, మూడున్నరకి తిరిగి తెస్తుంది.

"స్టీరింగ్ ఎడమకి లాగుతోంది బాబాయ్. టైర్లు వేయించి ఏడాదిన్నరే అయింది."

అతను వెనక చక్రం తిప్పి లోపలి అంచు తడిమాడు. రబ్బరు పోయి నార తగిలింది. బయటి నుంచి చూస్తే ఆ టైరు నల్లగా నిగనిగలాడుతోంది. పొద్దున పిల్లలు వెళ్ళింది దీని మీదే.

"పాత పెట్రోలు కారుకి నాలుగేళ్ళు వచ్చాయే."

"బ్యాటరీ బరువు తల్లీ. పైగా కాలు పెట్టగానే దూకుతుంది. ఆ బరువూ ఆ దూకుడూ టైరే కదా భరించాలి. దానికి తోడు వెనక చక్రాలు కాస్త బయటికి చూస్తున్నాయి. చెప్పు ఈడ్చుకుంటూ నడిస్తే ఎలా అరుగుతుందో, అలాగ."

బావమరిది అద్దాల గదిలోంచి కాగితం తెచ్చాడు. బరువు మోసే రకం టైర్లు నాలుగు, అలైన్‌మెంటు, స్టీరింగ్ సెన్సారు సరిచేసినందుకు వేరే. ఆమె పైనుంచి కిందికి చదివి, మళ్ళీ కింది నుంచి పైకి చదివింది.

"ఇది నా రెండు నెలల సంపాదనండీ."

"ఈ కార్లకి అంతేనమ్మా. పెట్రోలు మిగిలింది కదా," అన్నాడు బావమరిది మర్యాదగానే.

ఆమె కాగితం మడిచింది. "అయితే వచ్చే నెల వస్తాను. ఇవాళ్టికి గాలి కొట్టి పంపండి."

అతను ముందు చక్రాల దగ్గర కూర్చుని గాడిలో కొలబద్ద దించాడు. అయిదు మిల్లీమీటర్లు. లోపలి అంచునా అంతే. మూడుసార్లు కొలిచాడు. నాలుగోసారి కూడా కొలిచేవాడే, ఆమె తాళంచెవి తీయడం చూసి నోరు విప్పాడు.

"వెనకవి రెండూ మారిస్తే చాలమ్మా. ముందువి ఇంకో ఏడాది వస్తాయి. వెనకవి మాత్రం ఇవాళే మార్చాలి."

"బావా, ఒకసారి ఇలా రా."

గదిలో బావమరిది గొంతు తగ్గించాడు. "పిల్లల బండి అది. రేపు ముందు టైరు పేలితే సమాధానం ఎవరు చెప్తారు?"

అతన్ని లోపల తొలుస్తున్న భయమూ అదే. "నేను చెప్తా. రాసి సంతకం పెడతా."

బావమరిది కాగితంలో రెండు టైర్లు కొట్టేసి అతని ముందు పెట్టాడు. "నీ ఇష్టం. నేను నిన్ను కసురుకున్నానని మాత్రం అక్కతో చెప్పకు."

అతను కళ్ళద్దాలు పెట్టుకుని, ముందువి ఏడాది వస్తాయని రాసి సంతకం చేశాడు.

ఆమె సరేనన్నాక రెండు టైర్లు ఎక్కించి, చక్రాలు సరిచేసి, కార్లో కూర్చుని స్టీరింగ్ తిన్నగా నిలిపేసరికి చొక్కా తడిసి ముద్దయింది. ఆమె ఒక చుట్టు తిరిగొస్తానని కారు తీసుకెళ్ళింది. అతను గోడ పక్కన తీసేసిన టైర్ల మీద కూలబడ్డాడు. ఎడమ చక్రం నట్లు బిగించానా? బిగించాను, చప్పుడు విన్నాను. నాలుగోది విన్నానా? మనసులో మళ్ళీ మొదటి నట్టు నుంచి మొదలుపెట్టాడు. ఎడమ భుజం లాగుతుంటే, టైర్లు ఎత్తినందుకేలే అనుకున్నాడు.

కారు నిశ్శబ్దంగా వచ్చి ఆగింది.

"చేతులు వదిలేసినా తిన్నగా పోతోంది బాబాయ్," అంది ఆమె కిటికీలోంచి.

అతను పలకలేదు. గోడకి ఆనుకుని, వీధి వైపే చూస్తున్నట్టు ఉన్నాడు. బావమరిది బయటికొచ్చి "బావా" అన్నాడు. రెండోసారి కాస్త గట్టిగా పిలిచాడు. మూడోసారి పిలవకుండా వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి ఆడడం లేదు.

ఆ మధ్యాహ్నం పిల్లల్ని వేరే బండి తీసుకొచ్చింది. రెండు రోజులకి ఆమె మళ్ళీ కారెక్కింది. నీళ్ళ సీసా పెట్టబోతే, సీటు పక్క గుంటలో అతని కళ్ళద్దాలు కనిపించాయి. ఒక కాడకి రాగితీగ చుట్టి ఉంది, ఎడమ అద్దం మీద గ్రీజు వేలిముద్ర.