ఇరుక్కుపోయిన మాట

పొద్దున్నే ఆరున్నరకి అత్తగారు టీవీ కింద ఊడ్చి, చేటెడు అక్షరాలు ఎత్తేసరికి కోడలు చెప్పులేసుకుంటూ ఉంటుంది. రోజూ ఇదే వరస. తెర అడుగున పాకే స్క్రోలింగ్ వార్త ఎడమ అంచు దాటగానే అక్షరాలు నేలమీద రాలతాయి కదా, ఎవరింట్లో అయినా అంతే. సున్నాలు మంచం కిందికి దొర్లిపోతాయి. వత్తులు మాత్రం కాళ్ళకి గుచ్చుకుంటాయి.

"నిన్న ఆ 'క్షణికావేశం' రాసిన మహానుభావుడెవరే? నా మడమ చూడు, ఎలా గీరుకుపోయిందో!"

"నేను సెలవు పెట్టిన పూట అత్తయ్యా. నేనైతే 'కోపంలో' అని ఊరుకునేదాన్ని."

పందొమ్మిదేళ్ళుగా ఊళ్ళోని చానల్లో స్క్రోలింగ్ రాసేది ఈ కోడలే. ఊరంతా స్క్రోలింగక్క అనే పిలుస్తారు. అసలు పేరు కట్టుకున్నవాడికైనా గుర్తుందో లేదో! పసిపిల్లలు పాకే ఇళ్ళు, ముసలాళ్ళు ఒట్టికాళ్ళతో తిరిగే ఇళ్ళు అని ఆవిడ బెంగ. 'నీటి సరఫరాకు అంతరాయం' అని రాసిస్తే, 'రేపు నీళ్ళు రావు' అని మార్చేది.

"అక్కా, నీకు వత్తులంటే పడదే!" అని డెస్కులో వాళ్ళు ఏడిపించేవాళ్ళు.

"పడతాయిరా నాయనా, అదే కదా నా భయం" అనేది.

ఆ రోజు ఆఫీసుకి వెళ్ళేసరికి మీటింగు పెట్టారు. హెడ్డాఫీసు నుంచి ఒకాయన గోడ నిండా రంగురంగుల చార్టులు తగిలించాడు. పది నిమిషాల్లో ఆయనకి చార్టుల సారు అని పేరు పడిపోయింది. ఊరి వార్తలు ఈ పూటతో సరి, ఇకనుంచి అన్నీ హెడ్డాఫీసు నుంచే వస్తాయి, నలభైమందిలో నలుగురు చాలు అన్నాడు. వెళ్ళిపోయేవాళ్ళ జాబితాలో మొదటి పేరు అక్కదే.

"స్క్రోలింగ్ కూడా అక్కణ్ణుంచే పంపుతాం మేడమ్" అన్నాడు, ఏదో ఆవిడ బరువు దించుతున్నట్టు.

ఈ వయసులో తనకింకో పని ఎవరిస్తారు? పోనీ ఇచ్చారే అనుకుందాం, తనకి చేతనైన పని లోకంలో ఇదొక్కటే. అక్క బల్ల సొరుగులోని సామానంతా సంచిలో సర్దుకుంది.

ఈలోగా చార్టుల సారు తనే కుర్చీలో కూర్చుని మొదటి స్క్రోలింగ్ కొట్టాడు. 'సంస్థాగత పునర్వ్యవస్థీకరణలో భాగంగా' అంటూ మొదలైంది. 'సంస్థాగత' ఎలాగో దాటింది. ఆ రెండో మాట ఎడమ అంచు దాకా వచ్చి, వత్తులు తగులుకుని ఇరుక్కుపోయింది. ఊళ్ళో ప్రతి టీవీలోనూ ఇదే గోల. వెనకాల వచ్చే వార్తలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగిపోయాయి.

ఇంజనీరు మిషన్లన్నీ ఆపి మళ్ళీ వేశాడు. కదిలితే ఒట్టు! హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే, "మా దగ్గర బానే ఉందే" అన్నారు. వెనకనుంచి నెడుతుందని సారు 'మానవ వనరుల హేతుబద్ధీకరణ' కొట్టాడు. అదీ ఇరుక్కుంది.

అక్క సంచి పట్టుకుని మెట్లు దిగుతోంది. ఎడిటరు పెద్దాయన రొప్పుకుంటూ వెనకే వచ్చాడు.

"అమ్మాయ్, ఆగు! బస్టాండు నుంచి ఫోన్. నాలుగేళ్ళ పాప తప్పిపోయి వచ్చిందిట, పేరు తప్ప ఏమీ చెప్పట్లేదు. వేద్దామంటే ఆ దిక్కుమాలిన మాట అడ్డం!"

ఉద్యోగం పోయిందన్న సంగతి అక్కకి గుర్తే లేదు. రెండేసి మెట్లు ఎక్కింది.

తెరకెక్కిన మాటని చెరపడం ఎవరి తరమూ కాదు. అదే అర్థం ఉన్న చిన్నమాట వెనక పెడితే మాత్రం, పెద్దది సిగ్గుపడ్డట్టు ముడుచుకుని జారిపోతుంది. ఇది డెస్కులో అందరికీ తెలుసు, సారుకి తప్ప.

"దీనికి అర్థం ఏంటి సార్?" అంది అక్క, కీబోర్డు మీద చేతులు పెట్టి.

"అంటే... వనరులను సమర్థంగా..."

"అదీ ఇరుక్కుంటుంది. మామూలుగా చెప్పండి."

"సిబ్బంది కూర్పులో..."

"సార్! అక్కడ పాప ఏడుస్తోంది. నోరు తెరిచి అసలు మాట చెప్పండి!"

చార్టుల సారు కర్చీఫుతో మొహం తుడుచుకున్నాడు.

"మనుషుల్ని తీసేస్తున్నాం" అన్నాడు చివరికి.

అక్క కొట్టింది: 'ఈ చానల్లో మనుషుల్ని తీసేస్తున్నారు.' పెద్దమాటలు రెండూ ముడుచుకుని కిందికి జారాయి. చిన్నమాటలు వాటివెంటే మెత్తగా రాలాయి. ఆ వెనకే పాప కబురు వెళ్ళింది. పావుగంటలో బస్టాండు నుంచి మళ్ళీ ఫోన్, నాన్న వచ్చాడని. పెద్దాయన కళ్ళజోడు తీసి కళ్ళొత్తుకున్నాడు.

మధ్యాహ్నానికి ఆఫీసు ముందు ఇసకేస్తే రాలనంత జనం. చేటల్లో, తువ్వాళ్ళలో, టిఫిను డబ్బాల్లో ఆ అక్షరాలు పట్టుకొచ్చి సారు బల్లమీద కుమ్మరించారు. జాబితాలో మొదటి పేరు అక్కదేనని అప్పటికే ఊరంతా పొక్కింది. పాపని చంకనేసుకుని వాళ్ళ నాన్న అందరికన్నా ముందున్నాడు.

"ఇది నిజమేనా? నా బిడ్డని నాకు చూపించినావిణ్ణే తీసేస్తారా?"

ఆ పాటికి హెడ్డాఫీసు పంపిన స్క్రోలింగులు మూడు వచ్చాయి, మూడూ ఇరుక్కున్నాయి. మూడుసార్లూ అక్క అర్థం అడిగి విడిపించింది. మూడోదానికైతే అర్థం హెడ్డాఫీసు వాళ్ళే వెతుక్కుని చెప్పాల్సొచ్చింది. సారు అందరి ఎదురుగానే పెద్దబాసుకి ఫోన్ చేశాడు.

"లేదు సార్, మన మాటలు ఇక్కడ చెల్లట్లేదు. వీళ్ళ మాటలు వీళ్ళే రాయాలి. ఒక్కావిడ కాదు సార్, వార్తలు తెచ్చేవాళ్ళు, చదివేవాళ్ళు, అందరూ కావాలి... ఆఁ... ఆఁ... అలాగే సార్."

ఫోన్ పెట్టేసి, చార్టులన్నీ చుట్టేసి, గబగబా కూర్చుని టైపు మొదలుపెట్టాడు: 'నిర్ణయ ఉపసంహ...'

"మళ్ళీనా?" అని అక్క కీబోర్డు లాక్కుంది. డెస్కంతా ఘొల్లుమంది.

'ఎవరినీ తీసెయ్యట్లేదు' అని కొట్టింది. అక్షరదోషాలు ఉన్నాయో లేదో పందొమ్మిదేళ్ళలో మొదటిసారి చూసుకోకుండా మీట నొక్కేసింది. తెర కుడివైపు నుంచి ఒక్కో అక్షరమే తొంగిచూస్తోంది. జాబితాలో ఉన్న ముప్పై ఆరుగురూ గదిలో ఊపిరి బిగబట్టారు. చివరి 'దు' అంచు దాటిందో లేదో, టైలరు కొట్టులోంచి, మందుల షాపులోంచి, మేడల మీంచి ఊరంతా ఒక్కసారిగా కేకేసింది. అక్క రెండు చేతుల్లో మొహం దాచుకుని, ఏడుస్తూనే, పగలబడి నవ్వింది.