రేడియోలో చెప్పిన కృతజ్ఞత

ఇయనేటా అక్క మా సమోవా దీవుల్లో చదివి, అక్కడి కోర్టుల్లో వాదించి ఆస్ట్రేలియాలోని లోగన్‌కు వచ్చింది. ఇక్కడ ఆమె విదేశీ న్యాయవాదిగా నమోదైంది. అంటే సమోవా చట్టం గురించి మాత్రమే సలహా చెప్పవచ్చు. ఊళ్లో కుటుంబ భూమి ఎవరిది, పెద్దరికం బిరుదు ఎవరికి రావాలి, ఇలాంటివి. ఆస్ట్రేలియా చట్టం గురించి సలహా ఇస్తే నమోదు పోతుంది. ఆ నమోదు కోసం ఆమె తిరగని ఆఫీసు లేదు.

నేను ఆమె దగ్గర ఫోన్లు చూస్తాను, ఫైళ్లు సర్దుతాను. వచ్చేవాళ్లలో సగం మంది ఇక్కడి కాగితాలే తెస్తారు. కారు జరిమానాలు, కరెంటు కోత నోటీసులు, విడాకులు. పెద్దవాళ్లకు కాదని చెప్పడం మా సమోవా వాళ్లలో ఎవరికీ అలవాటు లేదు. అక్క రోజంతా అదే పని చేస్తుంది. సాయంత్రానికి ఆమె గొంతు పోతుంది.

పెనిటిటో తాత ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు తెచ్చినప్పుడు కూడా మొదట కాదనే చెప్పింది. ఉచిత సలహా కేంద్రానికి నేనే ఫోన్ చేశాను. గడువు దాటాక గానీ వాళ్లకు వీలు కాదన్నారు. అక్క నోటీసు తీసుకుని మా భాషలో చదివింది. చదివాక అందులోని తేదీ మీద వేలు పెట్టి, "కదలొద్దు తాతా. ఇక్కడి చట్టం ప్రకారం వాళ్లిచ్చిన గడువు చాలదు. ఆ మాటే రాసి పంపండి" అంది. తాత రాసి పంపాడు. ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంటు వెనక్కి తగ్గాడు.

మా ఆచారంలో మేలు పొందితే దాన్ని దాచుకోకూడదు. చేసినవారి పేరు, చేసిన పని నలుగురి ముందూ గట్టిగా చెప్పాలి. తాత మామూలు మనిషి కాదు, సభల్లో కుటుంబం తరఫున మాట్లాడే వక్త. ఆదివారం సమోవా రేడియోకు వెళ్లి, లాయరమ్మ ఏం చెప్పిందో, ఏజెంటు ఎలా తోక ముడిచాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆ ఏజెంటు ఆఫీసులో మా సమోవా పిల్ల ఒకతె పనిచేస్తోంది. ఆ మాట అక్కడికి చేరింది. లాయర్ల నమోదు చూసే సంస్థకు ఫిర్యాదు వెళ్లింది. ఇక్కడి చట్టం మీద సలహా ఇచ్చారా లేదా, జవాబు చెప్పమని అక్కకు ఉత్తరం వచ్చింది.

సంగతి తెలిసి తాత తన భార్య తిరేసాను వెంటబెట్టుకుని వచ్చాడు.

"నా వల్ల నీకు చిక్కొచ్చిందట కదా తల్లీ?"

"రేడియోలో ఎందుకు చెప్పారు తాతా?"

"చెప్పకుండా ఎట్లా? తిని మూతి తుడుచుకుని పోయే మనుషులమా మేము?"

"పేరొక్కటి చెప్పి ఊరుకోమన్నాను" అంది తిరేసా. "మైకు దొరికితే ఈయన వదులుతాడా? ఆఫీసు పక్కన చేపల కొట్టుందని కూడా చెప్పాడు."

"చెప్పకపోతే జనం ఎట్లా వస్తారే?"

అక్కకు నవ్వొచ్చింది. నవ్వుతూనే నుదురు పట్టుకుంది.

తాత గొంతు తగ్గించాడు. "ఈ ఆదివారం మళ్లీ పోతా. లాయరమ్మ కాగితం చదివి అర్థం చెప్పింది, అంతే, మిగతాదంతా నేను కల్పించిందే అంటా. చదివి చెప్పడం తప్పు కాదు కదా?"

తప్పు కాదు. అలా అంటే అక్క ఈ చిక్కులోంచి బయటపడుతుంది. కానీ పదిమందిలో చెప్పిన కృతజ్ఞతలో అబద్ధమాడానని ఒప్పుకున్న వక్తను ఇక ఏ పెళ్లిలోనూ, ఏ చావులోనూ ఎవరూ మాట్లాడమనరు. తిరేసా తల వంచుకుని చేతిసంచి తాడు వేళ్లకు చుట్టుకుంటోంది.

"వద్దు తాతా" అంది అక్క.

"మరి నీ లైసెన్సు?"

"నేను ఆ మాట చెప్పానా లేదా?"

"చెప్పావు."

"ఇంకేం మరి. ఇంటికెళ్లండి. అవ్వ మోకాళ్లకు ఈ చలి పడదు."

వాళ్లు వెళ్లాక జవాబు టైపు చేయమంది. సలహా ఇచ్చిన మాట నిజమేనని రెండు వాక్యాలు.

"చదివి వినిపించానని రాయొచ్చు కదక్కా?"

"ఇంకో పెద్దాయన వస్తాడు. ఆయనకీ చెప్తాను. ఎన్నిసార్లని చదివి వినిపించానని రాయను?" అంది. కోపంగా కాదు, బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టు.

నమోదు ఒక ఏడాది నిలిపేశారు. అక్క ఆ ఉత్తరం నిలబడే చదివి, రావలసిన వాళ్లందరికీ ఫోన్ చేసి రావద్దని చెప్పమంది. మొదటి నంబరు లోయిమాతా అక్కది.

"నేనేం ఇక్కడి కేసు తేవట్లేదమ్మా" అందామె. "మా తాత భూమి సంగతే."

"అది కూడా ఇప్పుడు కుదరదక్కా."

"ఎందుకని?"

కారణం చెబితే పెనిటిటో తాత పేరు వస్తుంది. రేపటికల్లా ఊరంతా ఆయన్నే అంటుంది. ఇయనేటా అక్క వైపు చూశాను. బల్ల మీద చేతులు పెట్టి, వాటి మీద తల ఆనించి కళ్లు మూసుకుంది.

"లాయరక్కకు ఒంట్లో బాగాలేదు" అన్నాను.

"అయ్యో పాపం. ఆదివారం చర్చిలో పేరు చదివించి ప్రార్థన చేయిస్తాలే."

వద్దని ఎలా అనాలో తెలియలేదు. సరేనని చెప్పి తర్వాతి నంబరు నొక్కాను.